కార్లా గుహలకు ఒక గంట సరిపోతుందా?

ముంబై నుంచి పుణే వెళ్తూ, దారిలో కార్లా బౌద్ధ గుహలు చూడటానికి ఒక గంట చాలా అని అడిగారు. చాలదు. కొండ మెట్లెక్కి ఆయాసం తీరేసరికే అందులో సగం కరిగిపోతుంది.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి గైడు పావుగంటలో అంతా చూపించేశాడు. స్తంభాల మీద ఏనుగులు, ఒక ఫొటో, ఇక పదండి! ఇంటికొచ్చాక ఏం చూశావని అమ్మ అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

రెండోసారి వానాకాలంలో పొద్దున్నే ఒక్కడినే వెళ్లాను. చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరంగా తొలిచిన గుహ, ముంగిట్లోనే ఏకవీరా దేవి గుడి ఉంటుంది. భక్తుల వరుసను దాటి లోపలికి అడుగుపెడితే అంతా చీకటి. ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. కళ్లు అలవాటుపడే కొద్దీ కప్పు కింద వంపు తిరిగిన వాసాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. రాతిలో చెక్కినవి కావు, నిజమైన చెక్క వాసాలు! గుహ తొలిచిన నాటివి, అంటే దాదాపు 1900 ఏళ్లవి. స్తూపం మీది గొడుగు కూడా చెక్కదే. కొండను తొలిచిన కప్పుకు వాసాల ఆసరా ఎందుకు? వాసాలు కనపడకపోతే ఆ గుహ తొలిచినవాళ్లకు అది ఇల్లులా అనిపించి ఉండదు. ఎవరేమన్నా నా నమ్మకం ఇదే.

ఇంతలో ఒక గుంపు వచ్చి ప్రతిధ్వని కోసం కేకలు మొదలుపెట్టింది. అందులో ఒక కుర్రవాడు తాళంచెవితో స్తంభం మీద పేరు గీకుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. అక్కడ 37 స్తంభాలున్నాయి. ధేనుకాకటం అనే ఊరి నుంచి వచ్చిన యవనులు, అంటే గ్రీకులు, స్తంభాలు దానం చేసి పేర్లు చెక్కించుకున్నారు. వైజయంతి అనే ఊరికి చెందిన భూతపాలుడనే శ్రేష్ఠి (పెద్ద వర్తకుడు), జంబూద్వీపంలో ఇంతకు మించిన శిలాగృహం లేదని రాయించాడు. వాళ్లు ఇచ్చి రాసుకున్నారు. వీళ్లు పాడుచేసి రాసుకుంటున్నారు. ఆ బాధ ఇంకా పోలేదు.

శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పులుమావి పేరున్న శాసనం అమరావతిలో ఉన్నట్టే ఇక్కడా ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దక్కేది ఒక్క వాక్యం. పిల్లలుంటే తప్పకుండా వెంట తీసుకెళ్లండి.

కనీసం సగం రోజు కేటాయించండి. గుడి రద్దీ పెరగకముందే చేరుకోండి. గైడు తొందరపెడితే ఆయనను బయటే ఉండమని చెప్పి, మీరు లోపల కాసేపు కూర్చోండి. ఇంకా సమయం మిగిలితే భాజా గుహలు దగ్గరలోనే ఉన్నాయి.