సైంటాలజీని మతం అనాలా, కల్ట్ అనాలా?

సందేహం: అమెరికాలో హబ్బర్డ్ అనే ఆయన మొదలుపెట్టిన సైంటాలజీ గురించి నేను ఒక వ్యాసంలో 'సైంటాలజీ మతం' అని రాస్తే మా ఫ్రెండ్ చదివి, డబ్బులు గుంజేదాన్ని మతం అంటావేంటి, కల్ట్ అని రాయి, లేకపోతే వాళ్లకి గౌరవం ఇచ్చినట్టే అంటున్నాడు. తెలుగులో ఏం రాయాలి? అందులో ఉన్నవాళ్లని భక్తులు అనొచ్చా?

సమాధానం: మతం అని రాయొచ్చండి, తప్పేం లేదు. మతం అనగానే మంచిదని ముద్ర వేసినట్టు మీ ఫ్రెండ్ అనుకుంటున్నారు గానీ తెలుగులో ఆ మాటకి అంత అర్థం లేదు. దాని అసలు అర్థం అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్నప్పుడు ఇప్పటికీ అదే కదా. శంకర, రామానుజ, మధ్వులని త్రిమతాచార్యులు అంటాం, శైవం, వైష్ణవం, శాక్తం, సౌరం, గాణాపత్యం, కౌమారం కలిపి షణ్మతాలు అంటాం. ఎవరో ఒకరు చెప్పారు, కొంతమంది నమ్మి నడుస్తున్నారు, ఆ మాట చెప్పేది అంతే, అది మంచిదో చెడ్డదో చెప్పదు.

గొడవంతా చట్టాలు, పన్నులు వచ్చి చేరడంతో వచ్చింది. హబ్బర్డ్ 1950లో డయానెటిక్స్ పేరుతో మనసు బాగుచేసే పద్ధతి అని మొదలుపెట్టి, తర్వాత మూడు నాలుగేళ్లకే దాన్ని చర్చి చేశాడు. అమెరికా 1967లో పన్ను మినహాయింపు తీసేసి 1993లో మళ్లీ ఇచ్చింది, ఆస్ట్రేలియా హైకోర్టు 1983లో మతమే అంది, బ్రిటన్‌లో 1970లో వాళ్ల చాపెల్‌ని (చిన్న ప్రార్థనా మందిరాన్ని) ప్రార్థనాస్థలంగా ఒప్పుకోని కోర్టు తీర్పుని 2013లో అక్కడి సుప్రీంకోర్టు పక్కన పెట్టి లండన్‌లోని వాళ్ల చాపెల్‌లో పెళ్లి చేసుకోవచ్చంది, ఫ్రాన్స్‌లో 2009లో మోసం కేసులో ఆ సంస్థకి శిక్ష పడింది. మన దగ్గర కూడా ఆనందమార్గం అనే ఆధ్యాత్మిక సంస్థ విడి మతం కాదు, హిందూమతంలోనే ఒక శాఖ అని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టులు తేల్చేది ఎవరికి ఏ హక్కు వస్తుందనేది, మన వాక్యంలో ఏ మాట పెట్టాలనేది కాదు.

ఇక కల్ట్ అంటే లాటిన్‌లో మొదట పూజ, ఆరాధన అనే, ఇప్పుడు జనాన్ని మాయచేసి గుప్పిట్లో పెట్టుకునే గుంపు అనే తిట్టు అయింది. మన పాషండం అనే మాట కూడా అంతే. కర్నూలు జిల్లా ఎర్రగుడి శిలల మీద కూడా ఉన్న అశోకుడి శాసనాల్లో పాషండాలంటే రకరకాల మతాలవాళ్లే, అందరినీ గౌరవించమనే చెప్పాడు, తర్వాత తర్వాత అవతలివాడి మతం నచ్చనివాళ్ల నోట్లో పడి అది వేదబాహ్యుడు, దుర్మార్గుడు అనే అర్థానికి దిగిపోయింది. పైగా ఇవాళ తెలుగులో కల్ట్ సినిమా అంటే పొగడ్త, కాబట్టి ఆ మాట రాస్తే పాఠకుడికి మీరు తిడుతున్నారో మెచ్చుకుంటున్నారో కూడా తెలీదు.

నాకు అసలు బాధ ఇంకోటుంది. కల్ట్ అని రాసేసి ఊరుకుంటే బాధితుడికి జరిగింది చెప్పకుండానే మన పని అయిపోయినట్టు అనిపిస్తుంది. జపాన్‌లో ఓమ్ షిన్రిక్యో అనే గుంపు 1989లో మత సంస్థగా రిజిస్టర్ అయింది, 1995లో వాళ్లే టోక్యో మెట్రోలో సారిన్ అనే విషవాయువు వదిలి మనుషుల్ని చంపారు. రెండూ నిజాలే, ఒకటి రాస్తే రెండోది అబద్ధం అయిపోదు. సైంటాలజీలోనూ అంతే, మనిషి రెండు చేతుల్లో రెండు లోహపు డబ్బాలు పట్టుకుని కూర్చుంటే ఎదురుగా ఉన్నవాడు మీటర్ మీద ముల్లు కదలడం చూస్తూ ప్రశ్నలడుగుతాడు, దాన్ని ఆడిటింగ్ అంటారు, దానికి డబ్బులు తీసుకుంటారు, పై మెట్టుకి వెళ్లేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఇది ఇలాగే రాయండి, చదివేవాళ్లకి విషయం అర్థమవుతుంది. శిక్ష పడినచోట మోసం అనే రాయండి, మొహమాటం అక్కర్లేదు.

భక్తులు మాత్రం వద్దు. అక్కడ ఒక దేవుడిని కొలవడం ప్రధానం కాదు, 1970 తీర్పులో వచ్చిన అభ్యంతరం కూడా అదే. సభ్యులు, అనుయాయులు బాగుంటాయి. అలాగే 'ఫలానా నటుడు సైంటాలజీ మతం పుచ్చుకున్నాడు' అని కూడా రాయకండి, పుచ్చుకోవడం అంటే పాతది వదిలేసినట్టు మనకి వినపడుతుంది, వాళ్లేమో పాత మతం వదలక్కర్లేదంటారు. 'సైంటాలజీలో చేరాడు' అంటే చాలు.