కోడి ఎవరిదో ముందు తేల్చు

తమ్ముడికి,

నీ కథ నిదానంగా చదివాను. సంక్రాంతికి అక్కాబావా రావడం, పెరట్లో కోళ్లు, అరుగు కింద కుక్క, తాతయ్య నులకమంచం, అన్నీ ఉన్నాయి. ఆ ఇంటి మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

"బావ వచ్చాడని కోడిని కోశారు" అని ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయావు. నీ అసలు కథ అక్కడే ఉంది. ఏ కోడిని కోశారు? గుడ్లు పెడుతున్న పెట్టను ఎవరూ కోయరు. పొదుగు మీద ఉన్నదాన్ని అసలు ముట్టరు. పిల్లల్ని వెంటేసుకుని తిరిగేదీ అంతే. ఇక మిగిలేవి ఎదిగిన పుంజులు, గుడ్లు మానేసిన ముసలిపెట్ట. ముసలిపెట్ట మాంసం ఎంతసేపటికీ ఉడకదు. అది అల్లుడి విస్తట్లో వేస్తే ఇంటి పరువు పోతుందని అత్తగారికి టెన్షన్. అదే వారంలో పొలం పని మీద పెదనాన్న కొడుకు వస్తే గుడ్ల పులుసుతో సరిపెడతారు. ఎవరికి ఏం వండారో సరిగ్గా రాస్తే చాలు, ఆ ఇంట్లో ఎవరి విలువ ఎంతో నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

చెప్పి వచ్చిన చుట్టానికీ చెప్పకుండా వచ్చినవాళ్లకీ కూడా తేడా ఉంది. వస్తారని ముందే తెలిస్తే రాత్రి కోళ్లను మూసేటప్పుడే ఆ పుంజును వేరే గంప కింద పెడతారు. తెల్లారేసరికి పని సులువు. మిట్టమధ్యాహ్నం ఎవరైనా దిగితే మాత్రం పిల్లలు, కుక్క, పక్కింటివాళ్లు అందరూ దాని వెనక పరిగెత్తాల్సిందే. చుట్టాలు అరుగు మీద కూర్చుని "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ" అంటూనే ఉంటారు. నీ కథలో బావ ఎలా వచ్చాడో నాకు తెలియలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఆ కోడి ఎవరిది? పంట డబ్బు మగవాళ్ల చేతిలో ఉండే చాలా ఇళ్లలో కోళ్లు, గుడ్ల మీద వచ్చే డబ్బు ఆడవాళ్లది. చీటీ కట్టడానికి, పిల్లల నోటు పుస్తకాలకు, పుట్టింటికి వెళ్లే బస్సు ఛార్జీకి అదే ఆధారం. ఎవరినీ అడగకుండా ఆవిడ ఖర్చుపెట్టగలిగిన డబ్బు ఇంట్లో అదొక్కటే కావచ్చు. నాన్న హుషారుగా "ఎర్ర పుంజును కోసేద్దాం" అన్నప్పుడు ఆయన ఖర్చుపెడుతున్నది అమ్మ డబ్బు. ఆ పుంజు ఇంకెవరికీ దొరకదు కూడా. అమ్మే చేటలో నూకలు పట్టుకుని "బో బో బో" అని పిలవాలి, రోజూ పిలిచే గొంతుతోనే. అది నమ్మి వస్తుంది. కూతురు వచ్చిందన్న సంతోషం నిజం, ఆ పుంజు పోతున్న బాధా నిజం. ఆ రెండూ ఒకే పూట ఆ తల్లిలో ఉన్నాయి. నీ కథలో ఆవిడ వంటగదిలోంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు, నాకు అది బాధనిపించింది.

వివరాలు తప్పితే పల్లెలో పుట్టిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. పండక్కి వారం ముందు పొదిగేసిన గుడ్లు కనుమ నాటికి పిల్లలయ్యాయని రాశావు. కోడిగుడ్డుకు 21 రోజులు పడుతుంది. అదే పెట్ట కింద బాతుగుడ్లు పెడితే 28 రోజులు. ఈ లెక్క కథకు పనికొస్తుంది. మార్గశిరంలో ఎవరో పొదిగేస్తే పండగ నాటికి పెరట్లో పిల్లలు తిరుగుతుంటాయి. కూతురు వస్తుందని ముందే అనుకుని పొదిగేసింది ఆ తల్లేనేమో ఆలోచించు. ఇంకొకటి, మీ పెరట్లో ఉన్నవి వనరాజా కోళ్లని రాశావు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన రకం అది. మామూలుగా పొదుగుకు కూర్చోదు. దాని గుడ్లు నాటుపెట్ట కిందే పెట్టాలి. తనవి కాని పిల్లల కోసం గద్ద మీదికి ఎగిరే పెట్ట నీకు దొరికినట్టే.

కుక్కను తోక ఊపడానికి మాత్రమే పెట్టుకున్నావు. అది రాత్రి ఎక్కడ పడుకుంటుంది, ఎవరు పెడితే తింటుంది, బావను చూసి మొరిగిందా? గుడ్లు తాగడం మరిగిన కుక్కను కోళ్లున్న ఇల్లు భరించలేదు. దాన్ని వదిలేయమని పెద్దవాళ్లు, వద్దని పిల్లలు. ఆ గొడవ ఏ ఇంట్లోనైనా జరిగేదే.

కోడిపందేల జోలికి ఇప్పుడే వెళ్లకు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద అవి నేరం, అయినా ఏటా జరుగుతాయి, ఏటా దాని మీదే అందరూ రాస్తారు. నీకు రాయాలనిపిస్తే పందెం పుంజుకు బాదంపప్పులు పెట్టే ఇంట్లో మిగతా కోళ్లు నూకలు ఏరుకోవడం చూడు, అది చాలు.

కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు గురించి కూడా తెలుసుకో. మెడలు వంకర తిరిగి రోజుల వ్యవధిలో పెరడంతా ఖాళీ అయిపోతుంది. టీకా ఉంది, కానీ అందరూ వేయించరు. చుట్టరికానికి వచ్చినవాళ్లు ప్రేమగా సంచిలో తెచ్చిన పెట్టతో కూడా అది రావచ్చు. అప్పుడు ఆ రెండిళ్ల మధ్య మాటలు ఎలా ఉంటాయి? పైకి ఎవరూ ఏమీ అనరు. పండక్కి పిలుపు మాత్రం ఆలస్యంగా వస్తుంది.

కథను ఇప్పుడే తిరగరాయకు. ముందు అమ్మ దగ్గర కూర్చో. ఏ పెట్ట పెట్టిన గుడ్లు అమ్మి ఏం కొన్నదో, ఎవరొచ్చినప్పుడు ఏ కోడిని కోయాల్సి వచ్చిందో, ఎప్పుడు వద్దని చెప్పాలనుకుందో అడుగు. ఒక్కసారిగా చెప్పదు, బియ్యం ఏరుతూనో వాకిలి ఊడుస్తూనో కొంచెం కొంచెంగా చెబుతుంది. ఆవిడ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుని నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య