డోపమిన్ రెండు దారుల్లోనూ కదలికనే పెంచేదెట్ల?

తమ్మీ, మెదడుల కదలికను నడిపే డైరెక్ట్, ఇండైరెక్ట్ అనే రెండు దారుల్ల, డోపమిన్ అనే రసాయనం డీ1 రిసెప్టర్ (కణం మీద దాన్ని అందుకునే చోటు) దగ్గర ఉత్తేజం, డీ2 రిసెప్టర్ దగ్గర నిరోధం, మరి ఫలితం ఒక్కటే ఎట్లయితదని అడిగినవు. ఈ దారుల బొమ్మల బాణాలు బట్టీ పట్టకు, మైనస్‌లు, అంటే ఎవరు ఎవరిని అణుస్తున్నరో లెక్కపెట్టు.

మెదడు లోతుల ఉండే గ్లోబస్ పాలిడస్ లోపలి భాగం, కదలిక సంకేతాన్ని మెదడు పైపొరకు పంపే థాలమస్ మీద ఎప్పుడూ బ్రేకు తొక్కే ఉంచుతది. డైరెక్ట్ దారిల స్ట్రయేటమ్ (రెండు దారులూ మొదలయ్యే మెదడు భాగం) నేరుగా ఆ లోపలి భాగాన్నే అణుస్తది, థాలమస్‌కు విడుదల. ఇండైరెక్ట్‌ల స్ట్రయేటమ్ పాలిడస్ బయటి భాగాన్ని అణుస్తది. ఆ బయటి భాగం మామూలుగ అణిచిపెట్టేది సబ్‌థాలమిక్ న్యూక్లియస్ (థాలమస్ కింది చిన్న కణాల గుంపు)ను. ఇప్పుడు అడ్డు పోయి అది పాలిడస్ లోపలి భాగాన్ని రెచ్చగొడతది, బ్రేకు ఇంకింత గట్టిగ పడతది.

డోపమిన్ డీ1తోని మొదటి దారిని లేపుతది, డీ2తోని రెండోదాన్ని పండబెడతది. రెండుదిక్కులా బ్రేకు వదులైనట్టే కదా! పార్కిన్సన్స్ జబ్బుల డోపమిన్ తయారుజేసే సబ్‌స్టాన్షియా నైగ్రా కణాలు పోయి ఇది తలకిందులైతది. రేపు కేఎంసీ (కాకతీయ మెడికల్ కాలేజీ) నుంచి ఎంజీఎం ఆస్పత్రి వార్డుకు పోయినప్పుడు, కుర్చీల నుంచి లేవనీకె తిప్పలపడే పేషెంటును చూడు. డీప్ బ్రెయిన్ స్టిములేషన్ (మెదడు లోపలికి కరెంటు పంపే చికిత్స) తీగ సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లనో పాలిడస్ లోపలి భాగంలనో ఎందుకు పెడతరో కూడా ఈ బొమ్మల్నే దొరుకుతది.