ఫౌంటెన్ పెన్నులో డార్క్ లైలాక్ (ముదురు ఊదా ఇంకు) పోసినా నీలంగా రాస్తోందా?

మీ లామీ సఫారీ పెన్నులో ఊదా ఇంకు నింపినా నీలంగానే రాస్తోందెందుకని అడిగారు. తప్పు ఇంకుది కాదు, నాలుకలో (పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే గీతల ముక్క) మిగిలిపోయిన పాత నీలానిది. లామీ సఫారీ 2016 డార్క్ లైలాక్ ఎడిషన్ అయినా సరే, పెన్నుతో పాటు వచ్చేది మామూలు నీలం టి10 కార్ట్రిడ్జే (ఇంకు ముందే నింపి ఉన్న చిన్న గొట్టం). ముందు దాంతో రాసి, తర్వాత కన్వర్టర్ (సీసాలోంచి ఇంకు పీల్చుకునే గొట్టం) పెట్టి సీసాలోని లైలాక్ నింపానన్నారు. మధ్యలో కడిగినట్టు ఎక్కడా రాయలేదు.

1. ఇప్పుడున్న ఇంకు పారబోయండి. దాన్ని మళ్ళీ సీసాలోకి మాత్రం వదలకండి, మిగతాదీ పాడవుతుంది.

2. కన్వర్టర్‌తో చన్నీళ్ళు పీల్చి వదలండి, ఓ 10-15 సార్లు. వేణ్ణీళ్ళు వద్దు.

3. నీళ్ళు తేటగా వచ్చాయి కదా అని ఆగకండి. అందరూ పొరబడేది ఇక్కడే. నాలుక గీతల సందుల్లో నీలం ఇంకా దాక్కుని ఉంటుంది. మూత తీసి, మడిచిన టిష్యూ మీద పాళీ కిందికి ఆనేలా ఓ గ్లాసులో రాత్రంతా నిలబెట్టండి. పొద్దున టిష్యూ మీద నీలం మరక కనిపిస్తే మళ్ళీ 2 నుంచి. నాకైతే రెండు రాత్రులు పట్టింది.

4. మరక రాకపోతే నింపుకోండి. సీసా అడుగున చుట్టి ఉండే బ్లాటింగ్ కాగితం ఓ ముక్క చింపి పాళీ తుడవండి. ఆ కాగితం మీద పడే రంగే అసలు రంగు.