సూదీ దారం: మీ ప్రశ్నలు

ప్రశ్న: అక్కయ్యగారూ, మాది నరసాపురం పక్కన పల్లెటూరు. అమ్మ దగ్గర లేసు అల్లడం నేర్చుకున్నాను గానీ సూది పని రాదు. ఇప్పుడు గడి గడికీ ఇంటూ గుర్తులా కుట్టే క్రాస్ స్టిచ్ మీద మనసు పడింది. ఆన్‌లైన్‌లో రాధాకృష్ణుల కిట్ చూశాను, 36 రంగుల దారాలు ఇస్తున్నారు. దాంతో మొదలుపెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా. కొనేసి ఉంటే అటక మీద పెట్టెయ్యండి, వచ్చే ఏడు చూద్దాం. ముఖాల్లో ఒకే ఛాయ నాలుగైదు రంగులుగా మారుతూ ఉంటుంది. ఒక్క గడి తప్పితే కృష్ణుడి ముక్కు పక్కకి పోతుంది.

అయినా మీకు వేరే కిట్ ఎందుకు? 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర) తెచ్చుకున్న లేసు మీ ఊళ్ళది, గడులు లెక్కపెట్టడం మీ చేతికి వచ్చిన పనే. అమ్మగారి దగ్గర గళ్ళ లేసు నమూనా కాగితం ఏదైనా ఉందేమో వెతకండి, గులాబీయో నెమలో. నిండు గడి ఉన్నచోట ఒక ఇంటూ కుట్టండి, ఖాళీ గడిని వదిలెయ్యండి. ఒకే రంగు చాలు.

గుడ్డ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. షాపులో క్రాస్ స్టిచ్ గుడ్డ అంటే చాలాచోట్ల మ్యాటీ చేతిలో పెడతారు. చవకే, కానీ దాని కన్నాలు కొత్తవాళ్ళకి సరిగ్గా ఆనవు. ఐడా క్లాత్ 14 కౌంట్ అని అడగండి, అంటే అంగుళానికి 14 గడులు. నమూనా 42 గడులుంటే 3 అంగుళాల బొమ్మ వస్తుంది. చుట్టూ 2 అంగుళాలు వదిలి 7 అంగుళాల ముక్క కత్తిరించుకోండి. సూది మొన మొద్దుగా ఉండేది, 24 నంబరు.

లచ్చి దారంలో 6 పోగులుంటాయి, మనకి రెండు చాలు. దారం పొడుగు మూరెడు మించితే చిక్కుపడి ప్రాణం తీస్తుంది. మొదట్లో ముడి వెయ్యకండి. రెండు మూరల ఒంటి పోగుని మధ్యకి మడిచి, రెండు కొసలూ కలిపి సూది బెజ్జంలోకి ఎక్కించండి. అవతలి కొసన ఉచ్చు మిగులుతుంది. గుడ్డని నాలుగు మడతలు పెడితే తేలే నడిమి గడి దగ్గర కింద నుంచి పైకి వచ్చి, ఐమూలగా కిందికి దిగి, సూదిని ఆ ఉచ్చులోంచి పోనిచ్చి లాగండి. అంతే, బిగుసుకుంటుంది.

వరసంతా ఒకవైపు వాలిన గీతలు కుట్టుకుంటూ వెళ్ళి, తిరుగుదారిలో వాటిని అడ్డంగా కొట్టుకుంటూ రండి. పైన పడే గీత ఎటు వాలినా ఫర్వాలేదు గానీ బొమ్మంతా అటే వాలాలి. కుడుతూ కుడుతూ గుడ్డని తిప్పేస్తే ఇదే తప్పుతుంది, అందుకే పై అంచున రంగు దారంతో ఒక గుర్తు పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు గుడ్డని బిగించిన రింగు విప్పి, సూది తీసెయ్యండి. మన వానాకాలపు తేమకి గుడ్డలో వదిలేసిన సూది తుప్పు మరక పెడుతుంది, ఆ మరక ఓ పట్టాన పోదు.

ప్రశ్న: పెనుగొండ నుంచి రాస్తున్నాను. నా బొమ్మ ముందువైపు బాగానే ఉంది, వెనక అంతా గజిబిజి. ఉతికితే ఎరుపు దిగుతుందేమోనని కూడా టెన్షన్.

జవాబు: ఫ్రేము కట్టించాక వెనకవైపు చూసేది గోడే. కాకపోతే ముదురు దారాన్ని ఖాళీ గడుల వెనక నుంచి లాక్కుపోకండి, తెల్లగుడ్డలోంచి నీడలా కనిపిస్తుంది. తెంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఎర్ర దారాన్ని తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి, రంగు అంటితే ఆ లచ్చి వాడకండి. కుట్టేశారు కాబట్టి ముందు మిగిలిన ముక్కతో చూసుకుని, చన్నీళ్ళలో విడిగా జాడించండి. గోదారికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో మాత్రం తాగే నీళ్ళే వాడండి. పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, బోర్లా వేసి ఇస్త్రీ చెయ్యండి.