అక్కనడుగుర్రి: జర్మనీల ఒక్క సెమిస్టర్, వంద పరేషాన్లు

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల సగం జర్మనీ మీదనే ఉన్నయి. ఎక్స్ఛేంజ్ మీద, అంటే ఇక్కడి కాలేజీల ఉండుకుంటనే అక్కడి యూనివర్సిటీల చదవనీకి, ఒక సెమిస్టర్ పోయిన పోరగాళ్ళు, పంపుతున్న తల్లులు, పోదామా వద్దా అని ఊగిసలాడేటోళ్ళు. నేను గూడ కొన్నేండ్లు అక్కడ చదువుకొని మళ్ళ నల్గొండకు వచ్చినదాన్నే గాబట్టి మా ఎడిటర్ సారు కట్ట మొత్తం నా టేబుల్ మీద పడేసిండు. నాలుగింటికి జవాబు రాస్తున్న.

అక్కా, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. బీటెక్ థర్డ్ ఇయర్. సెప్టెంబర్ ఆఖరుకు ఎక్స్ఛేంజ్ మీద జర్మనీ వచ్చిన. ఫ్లాట్‌ల ముగ్గురు జర్మన్ పిలగాళ్ళు ఉంటరు, హలో అంటరు, రూంలకు పోయి తలుపేసుకుంటరు. క్లాసుల గూడ అంతే. రోజూ రాత్రి పడుకునే ముందు అమ్మకు వీడియో కాల్ చేస్త, తిన్నవా అంటే తినకున్నా తిన్ననే అంట. శనివారం మనోళ్ళమంతా ఒకరి రూంల కలిసి బగారన్నం చేస్కుంటం, ఆ ఒక్కరోజే పానం మంచిగుంటది. ఆదివారం వస్తే పిచ్చి లేస్తది. ఎప్పుడూ మనోళ్ళతోనే ఉంటే తప్పా? సెమిస్టర్ మధ్యల వచ్చెయ్యాల్నా?

తమ్మీ, ముందుగాల ఫోన్ సంగతి చెప్త. అక్టోబర్ ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పిండ్రు గద, అప్పటిసంది మనకూ మీకూ తేడా నాలుగున్నర గంటలైంది. నువ్వు రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఇక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నర. మీ అమ్మ నిద్ర ఆపుకొని నీకోసం కూసుంటది, నువ్వు ఖాళీ కడుపుతోని నవ్వుకుంట మాట్లాడుతవ్, ఇగ ఇద్దరికీ తెల్లారి ఏం పాణముంటది చెప్పు. మధ్యాహ్నం ఒంటిగంటకు చెయ్యి, ఇక్కడ ఐదున్నర, అమ్మ చాయ్ తాగే యాళ్ళ. మెన్సాల, అంటే మీ యూనివర్సిటీ క్యాంటీన్ల, ప్లేటు ముందు పెట్టుకొని చూపియ్యి, తిన్నవా అని అడిగే పనే ఉండదు.

వచ్చెయ్యాల్నా అంటే నేనైతే ఇప్పుడే వద్దంట. అక్కడ లెక్చర్లు మొదలయ్యేదే అక్టోబర్ మధ్యల, నువ్వింకా క్లాసులోళ్ళ ముఖాలే గుర్తుపట్టి ఉండవు. పైగా నవంబర్ అక్కడ పుట్టినోళ్ళకు గూడ మంచిగనిపియ్యదు, డిసెంబర్ వచ్చేసరికి నాలుగు, నాలుగున్నరకే చీకటి పడ్తది, ఎండ కోసం మొఖం వాచిపోతది. గసువంటి టైంల పెద్ద నిర్ణయాలు పెట్టుకోకు. కానీ రాత్రుళ్ళు నిద్ర రాక, బుక్క మింగుడు పడక వారాల కొద్దీ గట్లనే ఉంటే మాత్రం ఓర్చుకోకు తమ్మీ, స్టూడెంట్ల కోసం స్టుడీరెండెన్‌వెర్క్ అని ఒక సంస్థ ఉంటది, మెన్సాలు, హాస్టళ్ళు నడిపేది వాళ్ళే, చాలా ఊర్లల్ల వాళ్ళ దగ్గర కౌన్సెలింగ్ ఉంటది, మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుల అడిగితే తొవ్వ చూపిస్తరు.

మనోళ్ళతోని ఉంటే తప్పేంది? బగారన్నం మానుమని నేను చెప్తే నా నోరు పడిపోతది. నాకు కనిపించేది వేరే. నువ్వు ఒకరోజు కనపడకపోతే ఏడికి పోయిండు అని అడిగే జాగ నీకు ఆ శనివారం గుంపు తప్ప ఇంకోటి లేదు. మన దగ్గరైతే చాయ్ బండాయన గూడ అడుగుతడు, నువ్వేం కష్టపడకున్నా ఆ జాగ ఉంటది. అక్కడ దాన్ని నువ్వే తయారు చేస్కోవాలె. అన్నిటికన్నా సులువు యూనివర్సిటీ స్పోర్ట్స్ కోర్సులు, వాలీబాల్, బ్యాడ్మింటన్, ఈత, ఏదన్న ఒకటి, బయట క్లబ్బుల కన్నా ఫీజు తక్కువుంటది, ప్రతి వారం అదే టైంకు అదే మనుషులు వస్తరు, అసలు విషయం అదే. మొదటి రెండు వారాలు ఎవ్వరూ మాట్లాడరు, నొచ్చుకోకు. తర్వాత ఒకనాడు రాకపోతే అడుగుతరు చూడు. లాంగ్వేజ్ టాండెమ్ అని గూడ ఉంటది, నువ్వు వాళ్ళకు ఇంగ్లీషో హిందీయో నేర్పాలె, వాళ్ళు నీకు జర్మన్ నేర్పుతరు.

ఇంకో మాట, నీ ఫ్లాట్‌ల పిలగాళ్ళతోని ఎప్పుడన్న కలుద్దాం అనకు, అట్లంటే వాళ్ళ లెక్కల ఏం అననట్టే. వచ్చే గురువారం సాయంత్రం ఏడింటికి పప్పన్నం వండుతున్న, తింటరా అని తలుపు కొట్టి అడుగు. క్యాలెండర్ల రాసుకొని మరీ వస్తరు. మిరపకాయల పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరిచి, కిచెన్ తలుపు మూసి పెట్టు, రూంలల్ల పొగ అలారంలు ఉంటయి, అది మొత్తుకునుడు మొదలైతే ముగ్గురూ ఒకేసారి బయటికొస్తరు, పరిచయానికి మంచిదే గని పద్ధతి గాదు. డస్ట్‌బిన్ సంగతి గూడ చూస్కో. పేపర్ వేరే, ప్యాకింగ్ ప్లాస్టిక్ వేరే, కూరగాయల తొక్కలు వేరే, మిగిలింది వేరే. వాళ్ళు ముభావంగ ఉండేదానికి సగం కారణం నువ్వు అన్నీ ఒక్క కవర్ల కుక్కుడు గావచ్చు, మొఖం మీద చెప్పరు, గోడకు క్లీనింగ్ ప్లాన్ అంటిస్తరు.

ఆదివారం పిచ్చి లేసేది నీకొక్కనికే గాదు. షాపులన్నీ బంద్, రైల్వే స్టేషన్ల కొన్ని, బేకరీలు పొద్దుగాల కొద్దిసేపు, అంతే. గోడకు మొల కొట్టినా పక్కింటోళ్ళు ఊకోరు. శనివారమే సామాన్లు తెచ్చుకో, ఖాళీ సీసాలు గూడ శనివారమే మెషిన్ల వేసి రా, ఒక్కసారి వాడి పడేసే ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్లు వాపస్ వస్తయి. ఆదివారం పగటిపూట మాత్రం రూంల ఉండకు, వాళ్ళంతా అడవుల్ల, చెరువుల పొంటి నడుస్తరు, నువ్వు గూడ నడువు. ఆసియా షాపుల సోనామసూరి రేటు చూసి, రైస్ మిల్లుల నడుమ పెరిగిన మిర్యాలగూడ పిలగానివి, నీకు ఏడుపు రాలేదా? దానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

చెల్లె, మాది మహబూబ్‌నగర్. మా బిడ్డ మార్చిల జర్మనీ పోతుంది. నాటుకోడి పచ్చడి, ఇంటి నెయ్యి, పాలకోవ, కరివేపాకు కట్టిద్దామనుకుంటున్న. ఇంకేం పెట్టాలె?

అక్కా, మీరు రాసిన నాలుగూ పంపొద్దు. బయటి దేశాల నుంచి వచ్చేటోళ్ళు మాంసంతోని, పాలతోని చేసినయి తేవొద్దని యూరోపియన్ యూనియన్ రూల్. కోడి పచ్చడి మాంసం కిందికొస్తది, నెయ్యి, కోవ పాల కిందికొస్తయి. పచ్చి ఆకులు, కాయలు, పండ్లకు మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలె, అది లేకుండ ఒప్పుకునేయి అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, డ్యూరియన్ మాత్రమే. ఎయిర్‌పోర్టుల పట్టుకుంటే మీరు రాత్రంతా పొయ్యి కాడ కూసొని చేసింది చెత్తల పోతది. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు, కారప్పొడులు, సకినాలు, జొన్నపిండి పెట్టుర్రి. పెనం అడుగు సాపుగ ఉండాలె, అక్కడ కరెంటు పొయ్యిలు, గుండ్రటి అడుగుది పెడితే వేడెక్కదు, కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేసేదో కాదో చూసి కొనుర్రి. పెద్ద జాకెట్ అక్కడనే కొనుక్కొమ్మనుర్రి, మన దగ్గర దొరికేది చలికి ఆగదు.

బొంబాయి బస్సెక్కేటోళ్ళకు రొట్టెలు మూట గట్టి పంపిన జిల్లా మీది, మీకు నేను ధైర్యం చెప్పేదేముంది. బిడ్డ దిగంగనే ఒక్క పని మాత్రం యాదికి చెయ్యుర్రి: ఇంట్ల దిగిన రెండు వారాలల్ల ఆ ఊరి ఆఫీసుల అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలె, దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలె. ఆ కాగితం ఇయ్యనంటే ఆ రూం తీసుకోవద్దు, ఎంత సస్తైనా సరే.

మేడం, వనపర్తి. ఎక్స్ఛేంజ్ పోయొస్తే ఇక్కడ సబ్జెక్టులు మళ్ళ రాయాలంటరా?

పోకముందే లర్నింగ్ అగ్రిమెంట్, అంటే అక్కడ చదివే ఏ సబ్జెక్టు ఇక్కడ దేని కింద లెక్కకొస్తదో రాసి రెండు కాలేజీలు సంతకం పెట్టిన కాగితం, చేతిల ఉంటే అడిగేటోడు ఉండడు. ఫుల్ సెమిస్టర్ అంటే అక్కడ 30 ఈసీటీఎస్ (యూరప్ కాలేజీల లెక్క) క్రెడిట్లు, కానీ కొత్త భాషల, కొత్త ఊర్ల అన్నీ ఒకేసారి ఎత్తుకోకు, మీ కాలేజీ ఒప్పుకుంటే నాలుగు సబ్జెక్టులు చాలు. అక్కడ పోయినంక సబ్జెక్టు మార్చుకుంటే వెంటనే ఈమెయిల్ల రెండు దిక్కులా రాయించుకో, నోటి మాట నమ్మకు. చాలా యూనివర్సిటీలల్ల క్లాసుకు పోతే సరిపోదు, పరీక్షకు వేరే రిజిస్టర్ చేస్కోవాలె, డేట్ దాటితే సార్ గూడ ఏం చెయ్యలేడు. 1.0 అంటే అన్నిటికన్నా మంచి మార్కు, 4.0 అంటే బొటాబొటి పాస్, మార్కులు చూసి ఇంట్లోళ్ళు తలకిందులు గాకుండ ముందే చెప్పు. పరీక్షల తేదీలు రాకముందే రిటర్న్ టికెట్ బుక్ చెయ్యకు.

అక్కా, నాకు టీవీ లేదు, రేడియో లేదు. నెలకు 18.36 యూరోలు కట్టుమని లెటర్ వచ్చింది. మోసమా? (సూర్యాపేట పిల్ల, ఇప్పుడు జర్మనీల)

మోసం గాదు చెల్లె, చింపి పడెయ్యకు. అక్కడ ప్రభుత్వ రంగ రేడియో, టీవీల కోసం ఇంటికింత అని తీసుకుంటరు, నీ దగ్గర టీవీ ఉందా లేదా వాళ్ళకు అవసరం లేదు. మనిషికి గాదు, ఇంటికి. నీ ఫ్లాట్‌మేట్లల్ల ఎవరన్న కడుతున్నరేమో అడుగు, కడుతుంటే వాళ్ళు ఈ ఫీజు కట్టే ఖాతా నంబర్ రాసి జవాబు పంపు, నీ వాటా వాళ్ళకియ్యి. ఒక్కదానివే ఉంటే కట్టాల్సిందే. సప్పుడు చేయక కూసుంటే లెటర్ల మీద లెటర్లు వస్తయి, ఫైన్ గూడ కలుస్తది. తిరిగొచ్చే ముందు అడ్రస్ క్యాన్సిల్ చేయించుకో, వెళ్ళిపోయే తేదీకి వారం ముందు నుంచే చేస్తరు, ఆ కాగితం జతచేసి ఈ ఫీజు గూడ బంద్ చేయించు, లేకుంటే నువ్వు సూర్యాపేటల ఉన్నా బిల్లు ఆ పేరు మీద నడుస్తనే ఉంటది.