లంచ్ టేబుల్ దగ్గర గుండె దడ

ప్రశ్న: మాది వరంగల్. పెళ్లయి టొరంటో వచ్చి ఏడాదిన్నర. మా ఆఫీసులో చైనా, జమైకా, ఇరాన్ వాళ్లంతా ఉన్నారు. పనిలో ఇబ్బంది లేదు. లంచ్‌కి అందరూ కూర్చుంటే మాత్రం గుండె దడ, చేతులకు చెమటలు. నా ఇంగ్లీషుకి నవ్వుతారేమో, బాక్స్ తెరిస్తే వాసనంటారేమో అని టెన్షన్. ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు. అయినా కారులో కూర్చుని తినేస్తున్నాను. మావారు "నీది ఒట్టి పిరికితనం" అంటున్నారు.

జవాబు: అమ్మా, టొరంటో చలిలో కారులో కూర్చుని చల్లారిన అన్నం తినడం మీకు మీరే వేసుకున్న శిక్ష. ఇది పిరికితనం కాదు. నలుగురూ దూరం పెడతారేమో అన్న అనుమానం మనసులో ఉంటే ఒళ్లు ముందే కాపలా కాస్తుంది.

మీ ఊళ్లోనే, టొరంటో విశ్వవిద్యాలయంలో, ఎలిజబెత్ పేజ్-గౌల్డ్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ఈ ఒత్తిడి మీదే పరిశోధన చేస్తారు. ఇద్దరు సహచరులతో కలిసి 2008లో ఆమె ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. తెల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) విద్యార్థులను ఇద్దరిద్దరుగా జతచేసి, మూడుసార్లు కలిపి మాట్లాడించారు. తేలిక ప్రశ్నలతో మొదలుపెట్టి మనసు విప్పే ప్రశ్నల దాకా తీసుకెళ్లారు. లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచారు. అవతలి వర్గం వ్యక్తితో జతపడినవాళ్లలో, ఎవరికి బెదురు ఎక్కువో వాళ్లకే కలిసిన కొద్దీ ఆ కార్టిసాల్ తగ్గుతూ వచ్చింది. నాకు ఇందులో నచ్చింది ఆ మూడుసార్లు అన్న మాటే. మొదటి రోజే దడ పోవాలని వాళ్లూ ఆశించలేదు.

కాబట్టి టేబుల్ మొత్తాన్ని వదిలేయండి. కాస్త నెమ్మదిగా కనిపించే ఒక్కరిని చూసుకుని, వారానికోసారి టీకి పిలవండి. మనిషిని మార్చకండి. మొదట వాతావరణం, పిల్లలు, సెలవులు. రెండో మూడోసారికి "ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు మీకేది కష్టమనిపించింది?" అని అడగండి. 2021 జనగణన ప్రకారం టొరంటోలో సగానికి దగ్గరగా బయటి దేశాల్లో పుట్టినవాళ్లే. ఆ ప్రశ్నకు మీకంటే పెద్ద కథ వాళ్ల దగ్గరే ఉండొచ్చు.

రేపు ఎవరైనా నిజంగానే మీ యాసను వెక్కిరిస్తే అది మీ బెదురు కాదు, వాళ్ల తప్పు. తేదీతో సహా రాసుకుని మేనేజర్‌కి చెప్పండి. దడ ఇంట్లోనూ వస్తున్నా, నిద్ర పట్టకపోయినా డాక్టర్‌ని కలవండి.

ఇక మీవారు. ఈసారి ఆ మాట అంటే, తెలుగువాళ్లు కాని స్నేహితులు ఎంతమందిని ఇంటికి భోజనానికి పిలిచారో ఒకసారి లెక్క చెప్పమనండి.